పద్నాలుగో అంతస్తులో పాలు

ఫోన్ ఎత్తింది మా అమ్మ కమలమ్మ. అవతల ఉన్నది బిల్డరు ఆఫీసులో పనిచేసే అఖిల అనే అమ్మాయి. "ఓసీ వచ్చేసిందండీ" అంది సంబరంగా.

డెబ్బై ఆరేళ్ళ మా అమ్మను ఆదోనిలో గానీ, హైదరాబాదులో గానీ ఇంతవరకు ఎవరూ "ఒసే" అన్న పాపాన పోలేదు. "ఎవత్తెవే నువ్వు? నన్ను ఒసే అంటావా? మా అత్త గూడ అనలేదు ఆ మాట" అని ఫోన్ పెట్టేసింది. పెట్టేసి ఊరుకోలేదు. వంటింట్లో ఉన్న నా భార్య పద్మావతి దగ్గరికి వెళ్ళి, "ఎవతో ఫోన్ చేసి, ఒసే, వచ్చేసింది అంటాంది. ఎవరొచ్చిందో నాకేం తెలుసు? నీ మొగుడు రానీ, అడుగు" అంది.

సాయంత్రం నేను హైటెక్ సిటీలో ఆఫీసు ముగించుకుని మియాపూర్‌లో మా కిరాయి ఇంటికి చేరేసరికి పద్మావతి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరొచ్చింది?"

"నేనే వచ్చాను."

"నువ్వు కాదు. ఆమె."

"ఏమె?"

"అదే, వచ్చేసిందంట గదా."

ఏమె, ఆమె, ఈమె అని అరగంట సర్వనామాలతో సహా నా సర్వనాశనం జరిగాక, మా అమ్మాయి భార్గవి ఆ నంబరుకు తిరిగి ఫోన్ చేసి సంగతి తేల్చింది. ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. కట్టడం పూర్తయింది, ఇక మనుషులు కాపురం ఉండొచ్చు అని పైవాళ్ళు ఇచ్చే కాగితం.

"ఓసీలో ఇచ్చినారా?" అంది మా అమ్మ.

"ఆ కాగితం ఒక్కటే ఓసీ అమ్మా. ఇల్లు కాదు" అన్నాను.

పద్మావతి నవ్వలేదు. గుమ్మంలోనే కింద కూర్చుండిపోయింది. "అయితే నిజంగానే వచ్చేసిందా?" అని మెల్లగా అడిగింది. నా జోకులకు ఆమె నవ్వకపోవడం ఇరవై మూడేళ్ళుగా అలవాటే గానీ, ఇలా మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చోవడం మాత్రం కొత్త.

పద్మావతికి ఒకప్పుడు సముద్రం ఉన్న ఊళ్ళో ఇల్లు కొనాలని ఉండేది. విశాఖపట్నంలో, బాల్కనీలో నిలబడితే అలలు కనబడేలా. ఆదోని మనుషులం, చెరువు నిండితే చూడ్డానికి బండి కట్టుకుని వెళ్ళినవాళ్ళం. ఆశ పెద్దది కాదు, నీళ్ళే పెద్దవి. కానీ నా ఉద్యోగం ఇక్కడ. మేము సముద్రం దగ్గరికి పోలేకపోతే సముద్రమే లింగంపల్లి అవతలికి వచ్చింది, బ్రోచరులో. ఆ గేటెడ్ కమ్యూనిటీ పేరు కోస్టా నీలిమ. టవర్ల పేర్లు అల, కెరటం, ముత్యం. ఈతకొలను పక్కన నాలుగు లారీల ఇసుక పోసి దాన్ని బీచి అన్నారు. ముందు వాళ్ళు కోస్టా అన్నారు, సంతకాలయ్యాక మేము కాస్టా అన్నాం, నాలుగేళ్ళు ఎదురుచూశాక కష్టా అనుకున్నాం. మాది అల టవరులో పద్నాలుగో అంతస్తు, ఫ్లాటు నంబరు పద్నాలుగు సున్నా రెండు.

అయితే పద్మావతి గుమ్మంలో కూర్చుండిపోయింది సముద్రం కోసం కాదు, పాల కోసం.

కొత్త ఇంట్లో దిగగానే ఎవరైనా చేసే మొదటి పని పొయ్యి మీద పాలు పొంగించడం. కిరాయి ఇల్లయినా సరే, పొంగిస్తారు. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక మేం లింగంపల్లిలో రెండు, కూకట్‌పల్లిలో మూడు, మియాపూర్‌లో రెండు ఇళ్ళు మారాం. ఏడుగురు ఓనరమ్మలూ "పాలు పొంగించుకోమ్మా" అన్నవాళ్ళే. ఏడిళ్ళలోనూ పద్మావతి పాలు అంచుకు రాకముందే మంట తగ్గించి అందులో టీ పొడి వేసేసింది. "ఇక్కడ పొంగితే ఆ పొంగు ఓనరుది. నేను పొంగిచ్చేది నా ఇంట్లోనే" అనేది.

మాట వరసకు అనడం వేరు, మాట మీద నిలబడడం వేరు. ఈమె మాట మీద కాదు, పొయ్యి ముందర నిలబడింది. ఇరవై మూడేళ్ళు. మా ఇంట్లో పాలు ఒక్కసారి కూడా, పొరపాటున కూడా పొంగలేదు. పాలు పెట్టి ఫోన్ చూసుకునే ఈ కాలంలో అదెంత కష్టమో పొయ్యి తుడిచినవాళ్ళకు తెలుస్తుంది. ఒకసారి కాలింగ్ బెల్ మోగితే పాలగిన్నెను చేత్తో పట్టుకునే వెళ్ళి తలుపు తీసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. పూజ మొదట్లో అయ్యగారు సంకల్పం చెప్పేటప్పుడు సొంత ఇంట్లోవాళ్ళకు "స్వగృహే" అంటారు, కిరాయి ఇంట్లోవాళ్ళకు "వసతి గృహే" అంటారు. ప్రతి వినాయక చవితికీ ఆ మాట దగ్గర అయ్యగారు ఆగి, "సొంతమా, కిరాయా?" అని అడిగేవారు. నేను గట్టిగా కిరాయి అనేవాణ్ణి. పద్మావతి ఆ ఒక్క క్షణం పత్రి వైపు చూసేది.

అఖిల ఫోన్ చేసిన నాటికి మంచి రోజులు ఎన్నో మిగల్లేదు. ఇంకో పన్నెండు రోజుల్లో మూఢం. అది వస్తే మూడు నెలలు గృహప్రవేశాలు ఉండవు. మూఢం ఏమిటని అడిగేవాణ్ణి మూఢుడంటారు కాబట్టి నేను అడగలేదు. చివరి ముహూర్తం శుక్రవారం ఉదయం పది ఇరవై నాలుగు నుంచి పదకొండు ముప్పై ఆరు వరకు. అదీ తప్పితే మూడు నెలల పాటు మళ్ళీ టీ పొడే.

*

శుక్రవారం తొమ్మిదిన్నరకల్లా అల టవరు కింద దిగాం. నేను, పద్మావతి, అమ్మ, భార్గవి, అయ్యగారు, ఒక ఆవు. ఆవును తెచ్చింది నర్సింహ. గృహప్రవేశాలకు ఆవుదూడలను తిప్పడం అతని పని. దూడకు అంత ఎత్తు పడదని చెప్పి ఆవును మాత్రమే తెచ్చాడు. అది హైటెక్ ఆవు. టవరు చూడగానే తనంతట తానే లిఫ్టు వైపు నడిచింది.

మనుషులు ఎక్కే లిఫ్టులు పదిన్నరకు గానీ వెయ్యరట. సామాను లిఫ్టు ఉంది. దాన్ని నడిపే పనివాడు మా అందరినీ ఆవుతో సహా అందులోకి సర్ది, వేళ్ళు చూపించి ఎన్నో అంతస్తు అన్నట్టు అడిగాడు. నేను పద్నాలుగు అన్నాను. పొరపాటు పడకూడదని పది వేళ్ళు ఒకసారి, నాలుగు వేళ్ళు ఒకసారి చూపించాను. అతను తల ఊపాడు. ఆవు పైకి పోయింది అంటే మామూలుగా వచ్చే అర్థం వేరు గానీ, మా ఆవు సుఖంగా, నెమరు వేస్తూ పైకి పోయింది.

పైన ఏ తలుపుకీ ఇంకా నంబర్లు గానీ తాళాలు గానీ బిగించలేదు. మాది లిఫ్టు దిగగానే కుడివైపు రెండో తలుపు. నాలుగేళ్ళుగా ప్లాను చూసి చూసి కళ్ళు మూసుకున్నా దొరుకుతుంది. తలుపు తీసే ఉంది. మేం వస్తామని సైటు ఇంజనీరు గిరీష్ ముందే తుడిపించి పెట్టిస్తానన్నాడు. తుడిపించడమే కాదు, గడపకు పసుపు రాసి ఉంది, గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. వంటింట్లో కొత్త స్టవ్వు కూడా ఉంది.

"చూశావా, ఎంత మర్యాదో. బిల్డరంటే ఇటుకలే అనుకున్నాం, ఇటు కళ కూడా ఉంది" అన్నాను.

"స్టవ్వు ఇస్తామని ఎక్కడా చెప్పలేదే నాయనా?" అంది భార్గవి.

"చెప్పినవి ఇవ్వలేదు గదా, చెప్పనివి ఇస్తాండారు" అంది మా అమ్మ.

పద్మావతి వంటగట్టు మీద చెయ్యి వేసి చూసింది. "నేను బూడిదరంగు బండ అడిగినా. ఇది నల్లది" అంది. అడిగింది ఇవ్వకపోవడం బిల్డర్ల లక్షణమే కాబట్టి మాకు ఏ అనుమానమూ రాలేదు.

ఆవు ముందు నడిచింది, వెనక పద్మావతి కుడికాలు పెట్టింది. హాలంతా తిరిగాక నర్సింహ ఆవును సామాను లిఫ్టులో కిందికి తీసుకుపోయాడు, కెరటం టవరులో ఇంకో ముహూర్తం ఉందని. అయ్యగారు తూర్పు మూల కలశం పెట్టించి సంకల్పం మొదలుపెట్టారు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా ఆగారు. నేను నోరు తెరవకముందే పద్మావతి, "సొంతమే అయ్యగారూ" అంది.

"స్వగృహే" అన్నారాయన.

వంటింట్లోకి వెళ్ళి మా కొత్త ఇత్తడి గిన్నెకు పసుపుదారం కట్టి, రెండు లీటర్ల ఆవుపాలు పోసి, పద్మావతి స్టవ్వు వెలిగించింది. మేమందరం చుట్టూ నిలబడ్డాం. నేను ఎన్నో సభల్లో నోరు మూయించుకున్నవాణ్ణే గానీ నా అంతట నేను నోరు మూసుకోవడం ఆ రోజే. పాల మీద సన్నగా పొర కట్టింది. అంచుల్లో బుడగలు లేచాయి. ఇరవై మూడేళ్ళ అలవాటు కొద్దీ ఆమె చెయ్యి గబుక్కున స్టవ్వు మీదికి పోయింది. మా అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"పోనీమ్మే, పోనీ" అంది.

పాలు పొంగాయి. తూర్పు వైపుకే పొంగాయి. పద్మావతి ఏడవలేదు, నవ్వలేదు. పొంగిన పాలు స్టవ్వు మీద నుంచి నల్లబండ మీదికి, అక్కడి నుంచి నేల మీదికి కారుతుంటే నిలబడి చూసింది. చేతిలో గుడ్డ ఉండి కూడా తుడవలేదు.

ఆ పాలలోనే బియ్యం, బెల్లం వేసి పాయసం చేసేసరికి పదకొండు అయింది.

*

పదకొండూ అయిదుకు నా ఫోన్ మోగింది. మా ఆఫీసు సాయిచంద్.

"సార్, మీ ఇంట్లోనే ఉన్నాను. మీరెక్కడ?"

"నేనూ మా ఇంట్లోనే ఉన్నానయ్యా. నువ్వు కనబడవేం?"

"హాల్లో ఉన్నాను సార్."

నేను హాల్లోకి వచ్చి చూశాను. కలశం ఉంది, మా అమ్మ ఉంది. సాయిచంద్ లేడు. "నేనూ హాల్లోనే ఉన్నాను" అన్నాను.

"సార్, జోకా?"

నాతో పనిచేసేవాళ్ళకు ఇదే బాధ. నిజం చెప్పినా పంచ్ వేసినట్టే వింటారు. "జోకు కాదయ్యా. ఏ అంతస్తు?"

"లిఫ్టులో పద్నాలుగు నొక్కాను సార్. పద్నాలుగు సున్నా రెండు. తలుపు మీద పెన్సిలుతో రాసి ఉంది. ఖాళీగా ఉంది. వంటింట్లో బూడిదరంగు బండ."

బండ అన్న మాట ఫోన్లోంచి బయటికి వినబడింది. పద్మావతి తలెత్తింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. పట్టుచీర కట్టుకున్న నలభై అయిదేళ్ళ ఆవిడ, చేతిలో మూత బిగించిన పాలక్యాను. వెనకాల తెల్ల చొక్కా వేసుకుని, తలగుడ్డ చేతిలో పట్టుకున్న పెద్దాయన. వాళ్ళ వెనక నలుగురైదుగురు బంధువులు. ఆవిడ గడప దగ్గరే ఆగిపోయి కలశాన్ని, మా అమ్మను, నన్ను, వరసగా చూసింది.

"ఎవలు మీరు? గిదేంది, నా ఇంట్ల?"

"మీ ఇల్లేంటమ్మా, ఇది మా ఇల్లు. పద్నాలుగు సున్నా రెండు" అన్నాను.

"గిది పదిహేను సున్నా రెండు. లిఫ్టుల పదిహేను ఒత్తి అచ్చినం. నిన్న పొద్దుగూకంగ అచ్చి గడపకు పసుపు నేనే రాసిన. పొయ్యి మా ఇంట్లకెళ్ళి తెచ్చి పెట్టిన." ఆమె చూపు వంటింటి మీద పడింది. స్టవ్వు మీద ఎండుతున్న పాల చార కనబడింది. "పాలు పొంగిచ్చిండ్రా? నా పొయ్యి మీదనా?"

సాయిచంద్ ఇంకా ఫోన్లోంచి "సార్, నేను పైకి రావాలా, కిందికి పోవాలా?" అని అడుగుతున్నాడు.

ఆవిడ పేరు కనకలక్ష్మి. పెద్దాయన ఆమె భర్త బాలనర్సయ్య. టవర్లు లేచిన ఈ నేలంతా ఒకప్పుడు వాళ్ళ జామతోట, జొన్నచేను, ఇల్లూ. నేల బిల్డరుకిచ్చి, బదులుగా కొన్ని ఫ్లాట్లు తీసుకునేలా ఒప్పందం. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. అప్పటికి తెలిసింది ఒక్కటే. ఆమె గడప దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా మాట్లాడుతోంది.

"ఆరేండ్ల సంది లింగంపల్లిల కిరాయికుంటున్నం. నా జాగ నాకు కండ్ల ముంగటనే ఉంటది, నేను కిరాయింట్ల ఉంటా. ఇయ్యాల మొదటిపారి అడుగు పెడదామని అస్తే మీరు అన్నీ చేసుకొని కూసున్నరు. గిట్ల ఎవలన్న చేస్తరా?"

అయ్యగారు దక్షిణ తాంబూలం చేతిలో పట్టుకుని, "నేను గోత్రం మీదే చెప్పానమ్మా, నంబరు చెప్పలేదు" అని మాకు మాత్రమే వినబడేట్టు అన్నారు.

పద్మావతి వంటింట్లోకి వెళ్ళింది. తిట్టించుకోవడం నాకు వదిలేసి వెళ్ళిందనుకున్నాను. చూస్తే స్టవ్వు ముందు నిలబడి ఉంది. గుడ్డ తడిపి, కొత్త స్టవ్వు మీద ఎండిన పాలచారను మెల్లగా తుడుస్తోంది. నల్లబండ తుడిచింది. కిందికి కారిన దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడిచింది. ఒక్కొక్క బొట్టూ. మా గిన్నె తీసి పక్కన పెట్టింది. అంతా అయ్యాక గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"తప్పయింది అక్కా. నీ ఇల్లని తెలీదు. ఇరవై మూడేండ్లు ఏ ఇంట్లోనూ పొంగనీకుండా పెట్టుకున్నా, నా ఇంట్లో పొంగియ్యాలని. తెచ్చి నీ ఇంట్లో పోసినా. నువ్వూ పోగొట్టుకుంటివి, నేనూ పోగొట్టుకుంటిని" అంది.

తుడిచిన స్టవ్వు వైపు చూసింది కనకలక్ష్మి. పద్మావతి తడిసిన కొంగు వైపు చూసింది.

"ఇరవై మూడేండ్లా?" అంది.

"ఏడిండ్లు."

"ఒక్కపారి గూడ పొంగలేదా?"

"టీ చేసేదాన్ని."

అంతసేపూ మాట్లాడని బాలనర్సయ్య తలగుడ్డను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "లక్ష్మీ, పొద్దుగాల్నుంచి మనం ఏం పరేషాన్ అయితున్నం?" అన్నాడు.

"ఆడబిడ్డ లేదని" అంది ఆమె విసుగ్గా.

"గదే గద."

వాళ్ళలో కొత్త ఇంట్లో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ. ఇంటాయన అక్కో చెల్లెలో. బాలనర్సయ్యకు నలుగురు అన్నదమ్ములే, తోడబుట్టిన ఆడపిల్ల లేదు. చిన్నాయన కూతురు ఒకామె సంగారెడ్డి నుంచి రావాల్సింది. తెల్లవారుతూనే ఆమె అత్తగారి వైపు ఎవరో పోయారని ఫోన్ వచ్చింది. మైల, రాకూడదు. ఇంకెవరిని పిలవాలా అని ఇంటింటికీ ఫోన్లు చేస్తూ వీళ్ళకు ఇంత ఆలస్యమైంది.

"ఆడబిడ్డ ఎట్ల అని మనం ఊరంత దేవులాడితిమి. ఈమె మనకంటె ముందుగాలనే అచ్చి పొంగిచ్చిపోయింది" అన్నాడు బాలనర్సయ్య. "మంచిగ తూర్పుకే పొంగినయా అమ్మా?"

"తూర్పుకే పొంగినాయి అన్నా" అంది పద్మావతి. అన్నా అనడం వరస కలిపి కాదు, మర్యాదకు. కానీ ఆయన ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు.

"ఇన్నవా, అన్న అన్నది. ఇగ ఈమెనే నా చెల్లె. మనింట్ల మన ఆడబిడ్డ పాలు పొంగిచ్చింది. అయిపోయె."

కనకలక్ష్మి భర్త మొహం కాసేపు చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారిగా ఇంత పొడుగు మాట మాట్లాడడం ఆమె విన్నట్టు లేదు. తర్వాత కుడికాలు ఎత్తి గడప దాటి లోపలికి వచ్చింది. చంకలో సంచిలోంచి కొత్త చీర తీసింది. ఆడబిడ్డకు పెట్టడానికి తెచ్చిన చీర.

"తీస్కో వదినె. లేకుంటె మీ అన్న నన్ను బతకనియ్యడు."

పద్మావతి చీర అందుకోలేదు. ఆమె కళ్ళు వేరేచోట ఉన్నాయి. "అక్కా, నేనిక్కడ పొంగిచ్చింది నీ ఇంటి ఆడబిడ్డగానా?"

"గంతే మరి."

"అయితే నా ఇంట్లో ఇంకా పొంగలేదు."

మా అమ్మ, కళ్ళజోడు లేకుండా గడియారం చూడలేని మా అమ్మ, "టైమెంతయిందిరా మధుసూదనా?" అని అరిచింది.

పదకొండూ పద్దెనిమిది. ముహూర్తం పదకొండూ ముప్పై ఆరు దాకా ఉంది.

"పాలు?" అంది భార్గవి.

పాలు లేవు. రెండు లీటర్లూ పాయసమయ్యాయి. నేను కిందికి పరిగెత్తి, గేటు దాటి, పాలు తెచ్చేలోగా మూఢం కూడా దాటిపోతుంది. కనకలక్ష్మి అప్పటికే క్యాను మూత తీసింది. "మా బర్రె పాలు. పొద్దుగాల పిండినం. సగం నీకు, సగం నాకు. మా కలశం మేం పెట్టుకుంటం, నువ్వు జల్ది పో."

"బర్రె పాలా? ఆవుపాలు గదా పొయ్యాల?" అంది మా అమ్మ.

"ఆవు వెళ్ళిపోయిందమ్మా, దానికి వేరే మీటింగుంది" అన్నాను.

ఆ తర్వాత మూడు నిమిషాలు మెట్ల మీద జరిగినదాన్ని ఊరేగింపు అనాలో ఊగిసలాట అనాలో తెలియదు. ముందు భార్గవి దీపం ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని. వెనక నేను దేవుడి పటం ఎత్తుకుని. నా వెనక అయ్యగారు కలశం పట్టుకుని, ఒక్కో మెట్టుకూ ఒక్కో దేవుణ్ణి తలుచుకుంటూ. పద్మావతి, కనకలక్ష్మి ఇచ్చిన గిన్నెలో పాలు తొణక్కుండా. ఆఖర్న మా అమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని బాలనర్సయ్య. ఒక్క అంతస్తు. కింద గుమ్మం ముందు సాయిచంద్ ఇంకా ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాడు.

తలుపు మీద పెన్సిలుతో పద్నాలుగు సున్నా రెండు. లోపల బూడిదరంగు బండ. పసుపు లేదు, మామిడాకు లేదు, స్టవ్వు లేదు. బాలనర్సయ్య మళ్ళీ పైకి ఎక్కి, కనకలక్ష్మి స్టవ్వునూ దాని చిన్న సిలిండరునూ రెండు చేతులతో ఎత్తుకుని దిగివచ్చాడు. వెనకే ఆమె.

"పొయ్యి మీకు ముందుగాల కావాలె. నాది ఆడబిడ్డ పొంగిచ్చింది గద, నాకేం తొందర" అంది ఆమె.

అయ్యగారు మళ్ళీ మొదలుపెట్టి ఆ మాట దగ్గరికి వచ్చారు. ఈసారి ఆగలేదు. "స్వగృహే" అని, ఇంకొక్కసారి, "స్వగృహే" అన్నారు. రెండోసారి ఎందుకన్నారో ఆయనకే తెలియాలి.

పదకొండూ ముప్పై మూడుకు పాలు అంచుకు వచ్చాయి. పద్మావతి చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. మంట దగ్గరికి చెయ్యి పోకుండా తనే కట్టుకుంది. బర్రె పాలు చిక్కన, పొంగు మందంగా లేచి గిన్నె అంచు దాటింది. ఈసారి ఆమె ఏడ్చింది. కనకలక్ష్మి ఆమె భుజం మీద కొత్త చీర వేసి, "ఇగ తుడువకు. ఇది నీదే" అంది.

*

మధ్యాహ్నం భోజనాలు మా ఇంట్లోనే. వాళ్ళ బంధువులు, మా బంధువులు కలిసి ముప్పై మంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మా వాళ్ళలో కొందరు పైకి వెళ్ళి పాయసం తాగి కిందికొచ్చారు, వాళ్ళవాళ్ళలో కొందరు కిందికొచ్చి మా అమ్మకు దండం పెట్టి కట్నం చదివించారు. బాలనర్సయ్య నన్ను బావా అని పిలవడం విని సాయిచంద్, మేము మొదటి నుంచీ చుట్టాలమే అనుకున్నాడు.

అప్పుడు సైటు ఇంజనీరు గిరీష్ వచ్చాడు. అనంతపురం కుర్రాడు, నెత్తిన టోపీ, చేతిలో నంబరు పలకల పెట్టె. తలుపులకు నంబర్లు బిగించడానికి వచ్చానన్నాడు.

"ఇప్పుడా?" అన్నారు ముప్పై మందీ.

మా అమ్మ అతన్ని నడిహాల్లో నిలబెట్టింది. "ఒరే నాయనా, మేం పద్నాలుగంటే పద్నాలుగుకే పోయినాం. అది పదిహేను ఎట్లయ్యింది? అందరికీ అర్థమయ్యేట్టు చెప్పు."

గిరీష్ నీళ్ళు నమిలాడు. తర్వాత నీళ్ళ గ్లాసులే మూడు తీసుకుని, కింద బోర్లించి ఒకదాని మీద ఒకటి నిలబెట్టాడు.

"ఇది పన్నెండో అంతస్తు అవ్వా. దాని మీదిది ఇది. మీ ఇల్లు. దాని మీద ఇది, వీళ్ళ ఇల్లు. కట్టేవాళ్ళు స్లాబులు లెక్కపెడతారు. వేసిన స్లాబు వేసినట్టే. సామాను లిఫ్టు నడిపేది పనివాళ్ళే కాబట్టి సార్ పద్నాలుగు అనంగానే పద్నాలుగో స్లాబుకు తీసుకుపోయినాడు." పైగ్లాసు మీద వేలు పెట్టాడు. "కానీ అమ్మేవాళ్ళు స్లాబులు లెక్కపెట్టరు. కాగితాల్లో, మనుషుల లిఫ్టులో ఈ పైది పదిహేను. ఈ మధ్యది పద్నాలుగు."

"పన్నెండు మీద పద్నాలుగా?" అన్నాడు బాలనర్సయ్య.

"అవును సార్. మధ్యలో నంబరు ఒకటి వదిలేసినారు. ఆ నంబరంటే బయట దేశాల్లో భయమంట. ఇక్కడ గూడ కొంతమంది కొనరని మా సేల్సు వాళ్ళు తీసేసినారు."

మా అమ్మ గ్లాసుల వైపు వంగి చూసింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "మరి పదమూడు ఏమయినాది?"

గిరీష్ తల గోక్కున్నాడు. "నంబరు తీసెయ్యొచ్చు అవ్వా, స్లాబు తీసెయ్యలేం గదా. మీరు కూర్చున్నదే పదమూడు."

మన దగ్గర లేని భయాన్ని సుంకం లేకుండా దిగుమతి చేసుకుని, దాన్ని మా నెత్తిన కాక మా కాళ్ళ కింద పెట్టారన్నమాట. ముప్పై మందీ పద్మావతి వైపు తిరిగారు. అయ్యగారు కూడా తిరిగారు.

పద్మావతి వంటింటి గుమ్మంలో పాయసం గిన్నెతో నిలబడి ఉంది. వచ్చి గ్లాసుల దగ్గర కూర్చుంది. పైగ్లాసును జాగ్రత్తగా ఎత్తి కనకలక్ష్మి చేతికిచ్చింది. మధ్య గ్లాసు తీసి తిప్పి, కొంగుతో అంచు తుడిచి, అందులో నిండా పాయసం పోసింది.

"తాగు అత్తా, చల్లారిపోతుంది" అని మా అమ్మకిచ్చింది.